జీపు చాసిస్ మీద హాట్ రాడ్: వెనక ఎత్తు ఎంత పెట్టాలి?

ప్రశ్న: అన్నయ్యగారూ, మాది పాలకొల్లు దగ్గరండి. పాత మహీంద్రా జీపు చాసిస్, ఇంజను, యాక్సిళ్లు ఉంచుకుని, మీద బాడీ మొత్తం తీసేసి, 1930ల నాటి హాట్ రాడ్ (పాత కారుని తేలిక చేసి వేగానికి మార్చుకున్న బండి) పద్ధతిలో రెండు సీట్ల రేకు బాడీ ఇంటి దగ్గరే కట్టించాను. అన్నీ కుదిరాయి గానీ వెనక భాగం లేచి నిలబడింది. చాసిస్ మీద కొలిస్తే ముందు కన్నా వెనక 8 సెంటీమీటర్లు ఎత్తుంది. రెండు బస్తాల ధాన్యం వేసి చూస్తే దిగింది 2 సెంటీమీటర్లే. ఎడమ పక్క ఒకటిన్నర సెంటీమీటర్లు తక్కువ. 50 స్పీడు దాటితే అడుగునుంచి వణుకు. కమాన్ కట్టల్ని (చాసిస్ కిందుండే ఉక్కు ప్లేట్ల స్ప్రింగుల్ని) గ్యాసుతో కాల్చి దించేస్తానని వెల్డింగ్ ఆయన అంటున్నాడు, టేకు దిమ్మలు పెట్టేయమని మా బావ అంటున్నాడు. కమాన్ల చివర కన్నుల్లో (బోల్టు దూరే రింగుల్లో) ఉండే బుష్‌లన్నీ కొత్త రబ్బరువి వేయించాను. అసలు వెనక ఎత్తు ఎంత ఉండాలండి?

సమాధానం: తమ్ముడూ, ముందు ఆ గ్యాసు మంటని కమాన్ కట్టల దరిదాపులకి రానివ్వకు. కమాన్ ప్లేటు మామూలు ఇనప పట్టీ కాదు, దాన్ని ఒక పద్ధతిలో కాల్చి, చల్లార్చి, పదును పెట్టి తయారు చేస్తారు, ఆ పదునే దాని ప్రాణం. మధ్యలో ఎర్రగా కాల్చి వదిలేస్తే ఆ రోజుకి నువ్వు కోరుకున్న ఎత్తుకే కూర్చుంటుంది, నువ్వూ సంబరపడతావు, తర్వాత రోజురోజుకీ దిగుతుంది, అదీ రెండు పక్కలా సమానంగా దిగదు, చివరికి కాల్చిన చోటే విరుగుతుంది. మెయిన్ ప్లేటు, అంటే కట్టలో అన్నిటికన్నా పొడుగుది, ముందు వైపు కన్ను దగ్గర విరిగిందంటే ఆ పక్క యాక్సిల్ వెనక్కి జరిగిపోయి బండి తనంతట తానే పక్కకి తిరుగుతుంది. మన రోడ్లకి ఒక పక్క కాలువ, రెండో పక్క రొయ్యల చెరువు, ఎటు తిరిగినా నీళ్లే. ఇక బావగారికి నా నమస్కారాలు చెప్పు. టేకు తలుపులకి బాగుంటుంది. కమాన్‌ని యాక్సిల్‌కి కట్టి ఉంచే యూ బోల్టుల బిగింపు కింద ఎంత మంచి చెక్కైనా నలుగుతుంది, ఎండకి బీటలిస్తుంది, బోల్టులు వదులవుతాయి, ఆపైన ప్లేట్లన్నిటినీ గుచ్చి పట్టే సెంటర్ బోల్టు తెగుతుంది.

ఇప్పుడు అసలు సంగతి. ఏ ప్లేటూ తీయకముందు, పైసా ఖర్చు లేని పని ఒకటుంది, అది చెయ్యి. కొత్త రబ్బరు బుష్‌లు వేయించానన్నావు కదా, వాటి బోల్టులు బిగించినప్పుడు బండి ఎక్కడుంది? నాకు తెలిసి మన షెడ్లలో చాలామంది చాసిస్‌ని జాకీ మీద లేపి, యాక్సిల్ కిందికి వేలాడుతుండగానే అన్నీ గట్టిగా బిగించేస్తారు. అలా బిగిస్తే రబ్బరు ఆ వేలాడే కోణంలోనే పట్టేసుకుంటుంది. తర్వాత బండిని కిందికి దించితే కన్ను తిరగాలి, రబ్బరు తిరగనివ్వదు, మెలిపడి బండిని పైకి తోస్తూ ఉంటుంది. నీ 8 సెంటీమీటర్లలో కొంత ఈ మెలికే అయ్యుంటుంది, ఎడమ కుడి తేడాలో కూడా దీని చెయ్యి ఉండొచ్చు. బండి నాలుగు చక్రాల మీద నిలబడి ఉండగా కమాన్ ముందు వైపు కన్ను బోల్టు, వెనక వైపు ఊగే పట్టీ ఉంటుందే, ఆ షాకిల్ బోల్టులు వదులు చెయ్యి, ఊడదీయకు, వదులు చెయ్యి అంతే. వెనక బంపరు పట్టుకుని గట్టిగా ఊపు, బండిని రెండు మూడు మీటర్లు ముందుకీ వెనక్కీ నెట్టు, అప్పుడు మళ్లీ కొలువు. ఈ బోల్టుల చివరి బిగింపు ఎప్పుడైనా సరే, బండి పూర్తి బరువుతో, పెట్టుకోదలచిన ఎత్తులో నిలబడి ఉన్నప్పుడే. లేకపోతే కొత్త బుష్‌లు కొద్ది నెలల్లోనే చిరిగిపోతాయి.

కొలత ఎక్కడ తీస్తున్నావో కూడా చూసుకో. రైసు మిల్లు కళ్లం అయితే చదునుగా ఉంటుంది కదా అని బండి అక్కడికి తోలుకెళ్తారు చాలామంది. కంటికి చదునే, కానీ వాననీరు పోవడానికి దానికి వాలు పెట్టే కడతారు. తాపీ మేస్త్రీ దగ్గర సన్నటి లెవెల్ పైపు అడిగి తెచ్చుకుని, అందులో బుడగలు లేకుండా నీళ్లు నింపి, నాలుగు చక్రాల దగ్గరా నేల మట్టం చూడు. పల్లంగా ఉన్న చక్రం కింద టైల్ ముక్కో రేకు ముక్కో వేసి నాలుగూ ఒక మట్టానికి తెచ్చాకే టేపు తియ్యి. టైర్ల గాలి నాలుగింటిలో నువ్వు రోజూ వాడే లెక్క ప్రకారం ఉండాలి. ట్యాంకులో సగం పైన డీజిలు, స్టెప్నీ, టూల్స్, బ్యాటరీ, అన్నీ ఉండాల్సిన చోట ఉండాలి. సీట్లలో మనుషులు కూర్చోవాలి, లేదంటే ఒక్కో సీటు మీద ఒక్కో 75 కిలోల బస్తా పెట్టు. కొలత రెండు చోట్ల తియ్యి: చక్రం సెంటర్ నుంచి నిలువుగా పైన మడ్‌గార్డ్ అంచు వరకు ఒకటి, యాక్సిల్ గొట్టం పైభాగం నుంచి చాసిస్ అడుగు వరకు రెండోది. మొదటిది అందానికి. నాకు కావలసింది రెండోది.

నీ బస్తాల కొలత చాలా పనికొచ్చింది, తెలిసి చేశావో తెలియక చేశావో గానీ. 150 కిలోలకి 2 సెంటీమీటర్లు దిగిందంటే, బస్తాలు సరిగ్గా యాక్సిల్ మీదుగా వేసి ఉంటే, రెండు కమాన్లూ కలిసి సెంటీమీటరుకి 75 కిలోలు మోస్తున్నాయన్నమాట. అంటే కేవలం బరువుతోనే 8 సెంటీమీటర్లు దించాలంటే 600 కిలోలు, ఎనిమిది బస్తాలు. ఆ చాసిస్ వెనక బెంచీల మీద అరడజను మందిని, వాళ్ల మూటల్ని మోయడానికి చేసింది మరి, నువ్వు దాని మీద నుంచి అదంతా తీసేసి పల్చటి రేకు డొప్ప ఒకటి పెట్టావు. ఇప్పుడు వెనక కమాన్ల మీద నిజంగా పడుతున్న బరువు 350 కిలోలు అనుకుందాం. 75తో భాగిస్తే ఐదు సెంటీమీటర్ల లోపే. మామూలు కార్లలో స్ప్రింగు సొంత బరువుకే పది సెంటీమీటర్లో అంతకన్నా ఎక్కువో అణిగి ఉంటుంది, అందుకే మెత్తగా పోతాయి. నీది ఖాళీ లారీలా ఎగురుతుంది. కాబట్టి నీ జబ్బు ఎత్తొక్కటే కాదు, కమాను గట్టిదనం కూడా. ఎత్తు మాత్రం దించి గట్టిదనం అలాగే ఉంచితే చూడ్డానికి బాగుంటుంది, నడుముకి బాగుండదు.

350 నా ఊహ, నువ్వు నిజం తెలుసుకో. మీ చుట్టుపక్కల వేబ్రిడ్జిలకి కొదవ లేదు. మొత్తం బండి ఒకసారి, ముందు చక్రాలు మాత్రమే కాటా మీద ఉంచి ఒకసారి తూకం వేయించు, రెంటికీ తేడా వెనక బరువు. అందులోంచి యాక్సిల్, చక్రాల బరువు తీసెయ్యాలి, అది కమాన్ల మీద పడదు.

ఎంత ఎత్తు ఉండాలి అన్నదానికి వద్దాం. నువ్వు చూసే ఫొటోల్లో బండ్లు నేలని నాకుతున్నట్టు ఉంటాయి. అవి పుట్టింది దక్షిణ కాలిఫోర్నియాలో, మురోక్ లాంటి ఎండిపోయిన సరస్సుల అడుగున పరుగులు తీయడానికి, అక్కడ మైళ్ల కొద్దీ నేల పళ్లెంలా ఉంటుంది. పైగా ఆ పాత ఫోర్డ్‌లకి వెనక అడ్డంగా ఒకే ఒక్క కమాను, నీకు చాసిస్ పొడవునా రెండు. వాళ్ల కొలతలు, వాళ్ల చిట్కాలు తెచ్చి నీ చాసిస్‌కి అతికించకు. మనది నల్ల బంకమట్టి, వానాకాలం ఉబ్బుతుంది, ఎండాకాలం బీటలిస్తుంది, గట్టు మీద తారురోడ్డు ఒక పక్కకి ఒరిగిపోయి ఉంటుంది, ప్రతి తూము దగ్గరా ఒక ఎగుడు. స్పీడ్ బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పున 10 సెంటీమీటర్ల ఎత్తుండాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పింది. మన ఊళ్లలో బడి దగ్గరా గుడి దగ్గరా ఎవరికి వాళ్లు వేసుకున్నవి ఎలా ఉంటాయో నేను చెప్పక్కర్లేదు.

నా లెక్క ఇది. ఇద్దరు మనుషులు కూర్చున్నాక యాక్సిల్ గొట్టానికీ, చాసిస్ కింద దెబ్బ ఆపే బంప్ రబ్బరుకీ మధ్య కనీసం 7 సెంటీమీటర్ల ఖాళీ మిగలాలి. అది మిగిలే ఎత్తే నీ ఎత్తు, అంతకన్నా దించితే గోతి గోతికీ చాసిస్ మీద సుత్తి దెబ్బే. ఇక రూపానికి, చాసిస్ మీద కొలిచినప్పుడు ముందు కన్నా వెనక 2, 3 సెంటీమీటర్లు ఎత్తుగానే ఉంచు. హాట్ రాడ్‌కి ముందుకి వంగిన ఆ వాలు అందమే, ఒక మనిషో మూటో ఎక్కినప్పుడు తోక నేలకి జారకుండా కూడా ఉంటుంది. అంటే నువ్వు దించాల్సింది 8 కాదు, 5. బుష్‌లు వదులు చేసి మళ్లీ కొలిచాక అదీ తగ్గొచ్చు.

మరి ఆ 5 ఎలా? నువ్వు పంపిన ఫొటోలో కమాన్‌కి తొమ్మిది ప్లేట్లు కనిపిస్తున్నాయి, యాక్సిల్ ఆ కట్ట పైన కూర్చుంది. అందులోంచి రెండు తీయించు. మెయిన్ ప్లేటు, దాని కిందున్న రెండో ప్లేటు ముట్టుకోకూడదు, మధ్య వాటిలోంచే తీయాలి, మిగిలినవి మెట్లు మెట్లుగా పొడవు తగ్గుతూ రావాలి. ప్లేట్లన్నీ ఇంచుమించు ఒకే మందం అయితే తొమ్మిదికి ఏడు అన్న లెక్కలోనే గట్టిదనం తగ్గుతుంది, 75 కాస్తా 58 అవుతుంది, నీ 350 కిలోలకి అణుగుడు 6 సెంటీమీటర్లకి వస్తుంది, అంటే ఒకటింపావు దిగింది. ఆ రెండు ప్లేట్ల మందం కూడా కలిసొస్తుందని అనుకోకు, యాక్సిల్ పైన కూర్చున్నప్పుడు కింద ప్లేట్లు తీస్తే ఆ మందం ఎత్తులో కనబడదు. బరువు మోసే బండి అయితే ప్లేట్లు తీయమని చచ్చినా చెప్పను, ఉన్న ప్లేట్ల మీద భారం పెరిగి విరుగుతాయి. నీ బండి బరువు తగ్గింది కాబట్టే చెబుతున్నా. ఇలా చేశాక వెనక నలుగురిని ఎక్కించుకుని జాతరకి పోతానంటే కుదరదు.

ఈ పని హైవే పక్కన లారీల కమాన్ కట్టలు కట్టే షాపులో చేయించు, వెల్డింగ్ షాపులో కాదు. వాళ్లు కట్ట విప్పి, ప్లేట్ల మధ్య తుప్పు గీకి, గ్రాఫైట్ గ్రీజు రాసి, కొత్త సెంటర్ బోల్టు వేసి బిగిస్తారు. మీ వైపు ఉప్పుగాలి కదా, ప్లేట్ల మధ్య తుప్పు పొరలు పేరుకుని కమాను బిగుసుకుపోవడం మామూలే, గీకేసరికి మెత్తబడుతుంది. వంపు కొంచెం తగ్గించమని అడిగితే చల్లగానే, సుత్తితోనో ప్రెస్‌తోనో తగ్గిస్తారు, అది మంచిదే, రెండు కట్టల్నీ పక్కపక్కన పెట్టించి వంపు లోతు సమానంగా ఉందో లేదో నీ చేత్తో నువ్వే కొలువు.

మిగిలిన 4 సెంటీమీటర్ల లోపుకి దిమ్మే వెయ్యి, ఇనుముదో అల్యూమినియందో, ఒకటిన్నర అంగుళాల ఎత్తుది. నీకు యాక్సిల్ పైన, కమాను కింద ఉంది కాబట్టి మధ్యలో దిమ్మ పెడితే కమాను యాక్సిల్‌కి దూరంగా కిందికి జరుగుతుంది, దాంతో పాటు చాసిస్ దిగుతుంది. కమాను యాక్సిల్ పైన ఉండే బండికి అదే దిమ్మ పెడితే చాసిస్ పైకి లేస్తుంది, కాబట్టి పక్కింటివాళ్ల బండికి ఇదే సలహా ఇవ్వకు. దిమ్మకి కింద సెంటర్ బోల్టు తల దిగే గుంట, పైన యాక్సిల్ సీటు రంధ్రంలో దిగే ముక్కు, రెండూ ఉండాలి, లేకపోతే బ్రేకు కొట్టినప్పుడు యాక్సిల్ జరుగుతుంది. దిమ్మ మీద దిమ్మ వద్దు. యూ బోల్టులు కొత్తవి, పొడుగువి కొను, పాతవి ఒకసారి సాగాక మళ్లీ అంత పట్టు పట్టవు. కొద్ది రోజులు నడిపాక మళ్లీ బిగించు, కొత్తగా విప్పి కట్టిన కట్ట కొంచెం సర్దుకుంటుంది, ఎత్తు కూడా అప్పుడే చివరిసారి చూసుకో.

దిమ్మతో ఒక ఇబ్బంది ఉంది. చాసిస్‌తో పాటు కమాను, యూ బోల్టుల కింద ప్లేటు కూడా నేలకి దగ్గరవుతాయి. చక్రం రిమ్ము కింది అంచు నుంచి రెండో పక్క రిమ్ము కింది అంచుకి ఒక దారం లాగి చూడు, ఏ ముక్కా ఆ దారం కిందికి దిగకూడదు. టైరు పేలి గాలి పోయిన రోజున బండి రిమ్ము మీద దొర్లాలి గానీ యూ బోల్టు మీద ఈడ్చుకుపోకూడదు. డిఫరెన్షియల్ కింద ఖాళీ మాత్రం దేనివల్లా మారదు, అది టైరు సైజుని బట్టే, దాని గురించి టెన్షన్ పడకు. షాక్ అబ్జార్బర్ కొత్త ఎత్తులో దాని నడక మధ్యకి రావాలి, రాకపోతే పై బ్రాకెట్టు మార్చు. షాక్ బరువు మొయ్యదు, గట్టి షాక్ వేస్తే ఎత్తు సరిపోతుందని ఎవరన్నా అంటే ఆ షాపులోంచి లేచి వచ్చెయ్.

ఇప్పుడు వణుకు. ఇది ఎత్తుకి సంబంధం లేని గొడవ అనుకుని విడిగా అడిగావు, సంబంధం ఉంది. వెనక లేచినప్పుడు, గేర్‌బాక్స్ నుంచి వెనక యాక్సిల్‌కి తిప్పుడు తెచ్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణం మారిపోతుంది. గేర్‌బాక్స్ నుంచి వచ్చే ఫ్లాంజి, డిఫరెన్షియల్ ముక్కు మీదుండే పినియన్ ఫ్లాంజి రెండూ పక్కనుంచి చూస్తే ఒకదానికొకటి సమాంతరంగా ఉండాలి, అప్పుడు షాఫ్ట్ ముందు చివర క్రాస్ (మడత కీలు) పుట్టించే ఎగుడుదిగుడు తిప్పుడుని వెనక క్రాస్ సరిచేస్తుంది. ఫోనులో కోణం కొలిచే యాప్ ఉంటుంది, ఫ్లాంజి ముఖానికి ఆనించి రెండు చోట్లా చూసుకో, రెండు కోణాలూ రాసుకో. కమాన్ బండ్లలో రేసు ఇచ్చినప్పుడు పినియన్ ముక్కు పైకి లేస్తుంది కాబట్టి నిలబడి ఉన్నప్పుడు దాన్ని ఒక డిగ్రీ, మహా అయితే రెండు, కిందికి చూపేలా పెడతారు. తేడా ఉంటే దిమ్మకీ యాక్సిల్ సీటుకీ మధ్య పెట్టే వాలు ముక్కలు దొరుకుతాయి, కమాన్ షాపు వాడికి తెలుసు. ఒకే ఒక్క అనుమానం: నువ్వు చాసిస్ పొడవు మార్చి షాఫ్ట్ కోయించి అతికించావా? అయితే రెండు చివరల యోకుల (క్రాస్‌ని పట్టుకునే కొమ్ముల) చెవులు ఒకే వరసలో ఉన్నాయో లేదో ముందు చూడు. ఒకటి అటు, ఒకటి ఇటు తిరిగి ఉంటే ఎన్ని డిగ్రీలు సర్దినా ఆ వణుకు పోదు. షాఫ్ట్ పొడవు సాగడానికీ తగ్గడానికీ ఉండే స్లిప్ జాయింటులో కూడా రెండు వైపులా రెండేసి సెంటీమీటర్ల చోటు మిగలాలి.

ఎడమ పక్క తక్కువ గురించి. వెంటనే ఎడమ కమాన్ మీద పడకు. ముందు ఒక మూల బలహీనంగా ఉంటే దాని ప్రభావం వెనక కనిపిస్తుంది. అది తేల్చడానికి, బండి ముందు వైపు చాసిస్ పట్టాల్ని కలిపే అడ్డ దూలం, క్రాస్ మెంబర్‌కి సరిగ్గా మధ్యలో ఒకే జాకీ పెట్టి, ముందు చక్రాలు నేల మీంచి కొద్దిగా లేచేదాకా ఎత్తు, వెనక చక్రాలకి అడ్డు చెక్కలు పెట్టు, బండి కింద తల పెట్టకు. ఇప్పుడు వెనక కొలువు. తేడా పోతే దోషం ముందు కమాన్‌ది. పోకపోతే వెనకది, అప్పుడు వెనక రెండు కట్టల్నీ ఎడమది కుడికి, కుడిది ఎడమకి మార్చి చూడు. తక్కువతనం కట్టతో పాటు కుడికి వస్తే కట్టది తప్పు, ఎడమనే ఉండిపోతే చాసిస్ మెలిపడిందో బ్రాకెట్టు తప్పు ఎత్తులో అతికారో. ట్యాంకు ఎడమ పక్కే ఉందా అన్నది కూడా చూసుకో, నలభై లీటర్ల డీజిలంటే 33 కిలోలు. కమాన్లు విప్పే పనికి చాసిస్‌ని ఇనప స్టాండ్ల మీద నిలబెట్టు, సిమెంటు ఇటుకలు, కొబ్బరి మొద్దులు వద్దు. ఇటుక పగిలేముందు ఏ చప్పుడూ చెయ్యదు.

దించాక బ్రేకు గొట్టం ఎక్కడా చాసిస్‌కి రాసుకోకుండా, హ్యాండ్‌బ్రేక్ తీగ మరీ వదులవ్వకుండా చూడు. హెడ్‌లైట్లు మళ్లీ సర్దించు, తోక దిగితే వెలుగు పైకి లేచి గట్టు రోడ్డు మీద ఎదురొచ్చేవాడి కళ్లల్లో కొడుతుంది.

నువ్వు అడగలేదు గానీ ఒకటి చెప్పాలి. మోటారు వాహనాల చట్టం 1988లో 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. నీ ఆర్‌సీలో జీపు అని ఉంది, రోడ్డు మీద జీపు లేదు. ఇన్సూరెన్సు వాడికి ఒక్క ప్రమాదం చాలు ఇది పట్టుకోవడానికి. ఆర్‌టీఓ ఆఫీసుకి వెళ్లి మాట్లాడకుండా చించినాడ బ్రిడ్జి దాకా కూడా తోలకు, మీ ఇంటి దొడ్లోనో మిల్లు ఆవరణలోనో నడుపుకో.

బుష్‌లు వదులు చేశాక వచ్చిన కొలత, వేబ్రిడ్జి చీటీ, షాఫ్ట్ రెండు చివరల ఫొటోలు పంపు. దిమ్మ ఒకటిన్నర అంగుళాలా, ఒకటే అంగుళమా అన్నది అవి చూశాక చెబుతాను, అప్పటిదాకా దిమ్మలు కొనకు.